సారా మీద నెట్టేసి

భద్రాచలం దాటాక దుమ్ముగూడెం, చర్ల వైపు కోయ గూడేలకు నేను మోసుకెళ్లిన ఉపన్యాసం ఒక్కటే: సారా మానండి, పెళ్లాన్ని కొట్టడం దానంతటదే ఆగిపోతుంది. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డ కథ అందులో తప్పనిసరి. తప్పంతా సీసాది; మగాడు పాపం మత్తులో ఉన్న అమాయకుడు. వినే మగాళ్లకు నచ్చదూ మరి!

తునికాకు కల్లంలో దొరికిపోయాను. ఆడవాళ్లు యాభై ఆకుల కట్టల్ని వరసగా పేరుస్తున్నారు, మగాళ్లు లెక్క రాయించుకుంటున్నారు. నేను మామూలుగా ఇప్పసారా మాట ఎత్తుకున్నాను. కట్టలు తిరగేస్తున్న పెద్దాయన తలెత్తకుండానే అన్నాడు: "తాగినోడికి ఫారెస్టు గార్డు ఎదురొస్తే నమస్తే పెడ్తడు సారూ. పెండ్లాం కనబడితేనే నిషా ఎక్కుద్దా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఇంకేం చేయాలో తోచక.

నాకు తెలియని సంగతా అది? ఖమ్మంలో మా పక్క వాటాలో దెబ్బలు వినబడితే టీవీ సౌండు పెంచేవాణ్ణి. ఆయన చుక్క ముట్టడు. పొద్దున్నే నాతో వాకింగుకొస్తాడు, రాజకీయాలు మాట్లాడతాడు. ఆ దెబ్బల గురించి నేనొక్కనాడూ ఆయన్ని అడగలేదు. గూడెంలో అడగడం సులువు, అక్కడ నేను సారుని.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఏదో ఒక కారణానికి భర్త కొట్టడం సబబేనన్న ఆడవాళ్లు తెలంగాణలో నూటికి 80 మందికి పైనే. అది చూసి, చైతన్యం కావాల్సింది ఆడవాళ్లకేనని తేల్చేశాను! 2005 గృహహింస చట్టంలోని నాలుగో సెక్షన్ కూడా వాళ్లకే చదివి వినిపించేవాణ్ణి. హింస జరిగిందని తెలిసినవారెవరైనా రక్షణ అధికారికి చెప్పొచ్చు, సదుద్దేశంతో చెబితే వాళ్ల మీద కేసుండదు అంటుందది. అరుగు మీద కూచుని వినే మగాళ్లకు పనికొచ్చే ముక్కని, తన్నులు తినేవాళ్లకు అప్పజెప్పాను.

ఈమధ్య మగాళ్లతోనే కూచుంటున్నాను. 2008లో బ్రేక్‌త్రూ సంస్థ మొదలుపెట్టిన 'బెల్ బజావో' ప్రకటన గురించి చెప్పాను: గొడవ వినబడ్డ ఇంటి బెల్లు కొట్టి పిల్లలు క్రికెట్ బంతి అడుగుతారు, అంతే.

"మా ఇండ్లకు బెల్లెక్కడిది?" అన్నాడో కుర్రాడు. "అగ్గిపెట్టె అడుగుతం."

"ఒక్కడు పోతే వాణ్నీ తంతడు," అన్నాడు ఇంకొకడు. "ఇద్దరు పోవాలె. ఒకడు వాని బామ్మర్ది అయ్యుండొద్దు."

ఎందుకు వద్దో వాళ్లలో వాళ్లే చాలాసేపు వాదించుకున్నారు. ఉపన్యాసం కాగితం ఆ రోజు జేబులోంచి తీయలేదు.