చప్పుడు లేని బండి

మా పెద్దనాయన కారు స్టీరింగ్ తిప్పితే టక్కుమనేది. గుంతలో పడితే కటకటమనేది. నేరుగా పోయినంతసేపు మాత్రం బుద్ధిగా ఉండేది. 2015లో కొన్న బండి అది. 2016 అక్టోబరులో మా బొంరాస్‌పేట మహబూబ్‌నగర్ నుంచి విడిపోయి వికారాబాద్ జిల్లాలో చేరినా, నంబరు ప్లేటు మీద టీఎస్ 06 అలాగే ఉండిపోయింది. తాండూరు మార్కెట్‌లో కందులు అమ్మడానికి పోయినా, కొడంగల్‌లో పెళ్లికి పోయినా ఆ కారే. నాపరాళ్ల లారీలు తొక్కే దారుల్లో అన్నేళ్లు తిరిగిన బండి చప్పుడు చేయడం వింత కాదు. ఆ చప్పుడు ఎక్కడిదో తేలకపోవడమే చిక్కు. ఒక షెడ్డులో స్టీరింగ్ రాక్ మొత్తం పోయిందనీ, పాతిక వేలు అవుతుందనీ చెప్పారు.

ఆ మాట విన్నాకే మేమిద్దరం రోడ్డు పక్క చిన్న షెడ్డులో ఉండే ఉస్తాద్ దగ్గరికి పోయాం.

"పాత బండ్లకైతే ముందు ఆయిల్ చూస్తం సార్. తక్కువైతే తిప్పినప్పుడల్లా మూలుగుతది. దీనికి కరెంటు మోటారు, ఆయిలే లేదు" అంటూ ఉస్తాద్ నన్ను స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి, ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా తిప్పమన్నాడు. తాను చక్రం పక్కన గొంతుక్కూర్చుని ముందు స్ప్రింగు మీద అరచెయ్యి ఆనించాడు. షాక్ అబ్జార్బర్ పైన ఉండే బేరింగు పట్టేస్తే, స్ప్రింగు మెలిపడి ఒక్కసారిగా ఎగిరి చేతికి తగులుతుందట. తగల్లేదు. తర్వాత ఖాళీ జాగాలో స్టీరింగ్ పూర్తిగా విరిచి గుండ్రంగా తిప్పించాడు. డ్రైవ్ షాఫ్ట్ జాయింటు అరిగి ఉంటే చక్రం వేగానికి తగ్గట్టు టకటకా మోగాలి. అదీ కాదు.

అప్పుడు జాకీ పెట్టి చక్రం లేపాడు. పైనా కిందా పట్టి ఊపితే కదల్లేదు. ఎడమా కుడీ పట్టి ఊపితే టక్కుమంది. నా వేళ్లు తీసుకుపోయి చక్రం వెనక ఉన్న టై రాడ్ ఎండ్ మీద పెట్టి మళ్లీ ఊపాడు. లోపల గోళీ గిన్నెకు కొట్టుకోవడం వేళ్లకు స్పష్టంగా తెలిసింది. చెవిని నమ్ముకుంటే కారులో చప్పుడు దొరకదని ఆ రోజే అర్థమైంది. ఇనుము చప్పుడును ఎక్కడి నుంచి ఎక్కడికో మోసుకుపోతుంది. చెయ్యి పెట్టి చూస్తేనే దాని పుట్టిల్లు తెలుస్తుంది. ఆ జాయింటు రబ్బరు తొడుగు చిరిగి ఉంది. నల్లటి గ్రీజు ఉండాల్సిన చోట బూడిదరంగు ముద్ద కనిపించింది. నాపరాయి దుమ్ము, వాన నీళ్లు కలిసిన ముద్ద అది. వేళ్ల మధ్య నలిపితే గరగరలాడింది.

"రాక్ మంచిగనే ఉంది సార్. ఇవి రెండు దిక్కులా కలిపి మార్చినా రెండు వేలు దాటదు. మార్చినంక అలైన్‌మెంట్ చేపియ్యాలె. అట్లనే తిరిగితే మాత్రం ఏదో ఒక రోజు గోళీ ఊడుతది. మీరు స్టీరింగ్ తిప్పుతనే ఉంటరు, చక్రం దాని ఇష్టమొచ్చిన దిక్కు పోతది."

పెద్దనాయన తల అడ్డంగా ఊపాడు. కందుల పైసలతో కొత్త కారు తీసుకోవాలని అప్పటికే అనుకున్నాడు.

"అమ్మేసే బండికి ఎందుకయ్యా ఖర్చు? చప్పుడు పోతే చాలు."

"పార్టు మారిస్తేనే పోతది సార్. వేరే తీరుగ నేను పోగొట్ట." ఉస్తాద్ తాళంచెవి తిరిగి ఇచ్చాడు. పైసలు తీసుకోలేదు.

ఇంకొకచోట ఆ పని అరగంటలో అయిపోయింది. గిన్నె అడుగున సుత్తితో నాలుగు దెబ్బలు వేసి బిగువు చేశారు. సిరంజితో చిక్కటి గ్రీజు ఎక్కించి, చిరిగిన తొడుగు మీద ట్యూబు ముక్క చుట్టారు. తిరిగి వస్తుంటే స్పీడ్ బ్రేకర్ మీద కూడా కారు కిక్కురుమనలేదు.

కొనడానికి ఒక కుర్రాడు వచ్చాడు. ఊరి చివరి దాకా నడిపి చూసుకుని, ఒకసారి ఉస్తాద్‌కు చూపించి వస్తానన్నాడు. పెద్దనాయన నొచ్చుకున్నట్టు ముఖం పెట్టాడు. రిటైరైన టీచరు, మండలంలో సగం మందికి అక్షరాలు దిద్దించిన మనిషి. "నా మాట మీద నమ్మకం లేదా?" అన్నాడు. కుర్రాడు సిగ్గుపడి అక్కడే పైసలు లెక్కపెట్టాడు.

ఆ తర్వాత నెలకో ఏమో, పుణెలో ఉండే మా అక్క పాపకు పుట్టువెంట్రుకలు తీయించడానికి బయల్దేరింది. ఆ రోజు పొద్దున్నే పెద్దనాయన కొత్త కారు తుడుచుకుంటుంటే ఫోన్ మోగింది. స్పీకర్‌లో పెట్టాడు.

"నాయినా, తాండూరుల రైలు దిగినం. స్టేషన్ కాడ కారు కిరాయికి మాట్లాడుకుని వస్తున్నం, కొడంగల్ కూడా దాటినం. ఏ కారో చెప్పుకో చూద్దాం?"

"నాకెట్ల తెలుస్తది బిడ్డా?"

"టీఎస్ జీరో సిక్స్! వెనక అద్దం మీద నేను అంటించిన సీతాకోకచిలుక ఇంకా అట్లనే ఉంది. పాప దాన్నే గోకుతున్నది."

పెద్దనాయన చేతిలో గుడ్డ జారిపోయింది. "బండి ఆపుమను. పాపను తీసుకుని దిగు. ఇప్పుడే దిగు బిడ్డా!"

"ఏమైంది నాయినా? ఎందుకట్ల అరుస్తున్నవ్?"

ఆమె మాట పూర్తి కాకముందే వెనక నుంచి డ్రైవర్ గొంతు వినిపించింది.

"సారును ఫికరు చెయ్యొద్దను అక్కా. ఆయన మాట మీదనే కొన్న బండి ఇది. ఉస్తాద్‌కు కూడా చూపియ్యలే."