మూత తీసేలోగా

పాత కారు బానెట్టు ఎత్తితే హుజూర్‌నగర్‌లో మనిషికి తోడు కరువుండదు. పెళ్లికి పిలిస్తే రాని చుట్టాలున్నారు గానీ, బానెట్టు కింద నుంచి ఆవిరి లేస్తే రానివాడు లేడు. బస్టాండుకు పోయేవాడు ఆగుతాడు. టీ తాగేవాడు గ్లాసుతో సహా వస్తాడు. యూరియా బస్తా బండి మీద పెట్టుకుని పోతున్న రైతు స్టాండు వేసి మరీ దిగుతాడు. అందరూ అడిగేది ఒకటే: "ఏందన్నా, వేడెక్కిందా?" ఆవిరి మొహానికి కొడుతుంటే లేదు, చలి పెట్టిందని చెప్పలేం కదా.

ఈ సభకంతటికీ మూలం ఒక అరగంట. వేడెక్కిన ఇంజను ఆపగానే రేడియేటరు మూత తీయకూడదు. నీళ్లు మామూలుగా 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. మూత బిగుతుగా ఉండి లోపల ఒత్తిడి నిలబెడితే అవే నీళ్లు 115 దాటినా మరగకుండా ఓర్చుకుంటాయి. వంటింట్లో కుక్కరు చేసే పనే ఇది, విజిలు ఒక్కటే తక్కువ. ఆ ఒత్తిడి మీద మూత తిప్పామా, ఓర్చుకున్న నీళ్లన్నీ ఒక్కసారిగా మరిగి మూతను లేపుకుంటూ మొహం మీదికొస్తాయి. కాబట్టి ఆగాలి. ఆ అరగంటలో చూసేందుకు ఏమీ ఉండదు, ముట్టుకుంటే కాలుతుంది, ఇక మిగిలింది మాట్లాడటం. ఇంజను చల్లబడే కొద్దీ జనం వేడెక్కుతారు. మా ఊళ్లో కార్ల జబ్బులన్నీ తేలేది ఆ అరగంటలోనే.

మాది మారుతి 800. నాన్న కొన్నది, నాన్నతో పాటే నా దగ్గరికి వచ్చింది. 1983 డిసెంబరులో ఇందిరా గాంధీ చేతుల మీదుగా మొదటి బండి తాళాలు ఇచ్చిన దగ్గర్నుంచి 2014లో తయారీ ఆపేదాకా ఈ దేశంలో సగం సంసారాలను మోసిన బండి. మూడు సిలిండర్లు, 796 సీసీ. ఈ కథలో దాని తప్పేమీ లేదని ముందే చెప్పేస్తున్నా. ఆ మాట అనకపోతే నాన్న ఈ వ్యాసాన్ని ఇంట్లోకి రానివ్వడు.

దాని తీరు చిత్రంగా ఉండేది. హుజూర్‌నగర్ నుంచి కోదాడ దాకా ఎండలో పోయినా వేడి చూపే సూది మధ్యలోనే, బుద్ధిమంతుడల్లే. అదే వరి కోతలప్పుడు మిర్యాలగూడ పోతే, రైసు మిల్లుల ముందు వడ్ల ట్రాక్టర్ల వరసలో ఇరుక్కుంటాం చూడండి, అక్కడ సూది హెచ్ వైపు నడక మొదలుపెట్టేది. సాగర్ ఎడమ కాలువ కింద పండిన ధాన్యమంతా ఒకే వారంలో ఒకే రోడ్డు ఎక్కితే ఎట్లుంటుందో చూసినవాళ్లకే తెలుసు. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి వస్తూ పంతంగి టోల్‌గేటు దగ్గర నిలబడ్డప్పుడూ అదే వరస. జనవరి చలి, వెనక సీట్లో పిల్లలు స్వెట్టర్లలో ఉన్నారు, ముందు ఇంజను ఉడికిపోతోంది. గేటు దాటి కాస్త స్పీడు అందుకోగానే సూది మళ్లీ దిగివచ్చేది. మే నెలలో లేని వేడి జనవరిలో ఎక్కడిదని అడిగిన మనిషి మాత్రం కనపడలేదు.

రోగం పేరు చెప్పేవాళ్లకు మాత్రం కొదవ లేదు. ట్రాక్టరు ఆసామి వంగి చూసి, "రేడియేటర్ల ఊక పట్టింది సారూ, గాలి కొట్టియ్యి" అన్నాడు. ఆయన ట్రాక్టరుకు పడితే పట్టే ఉంటుంది, రోజూ మిల్లుల చుట్టూ తిరిగే బండి. సిమెంటు లారీ డ్రైవరు బీడీ పక్కకు పెట్టి, "హెడ్ గాస్కెట్ పోయింది. ఇంజన్ దించుడే" అని తీర్పు చెప్పాడు. లారీ డ్రైవర్ల దగ్గర చిన్న రోగాలుండవు. ఏం చెప్పినా ఇంజను దించాల్సిందే. మోటార్ల వైండింగు చేసే తమ్ముడు, "పంపు అన్నా, ఇంపెల్లర్ అరిగిపోయుంటది" అన్నాడు. ఊళ్లో బోరు మోటార్లన్నీ అతని చేతి కిందికే వస్తాయి, కారులోనూ నీళ్ల పంపు ఉందని తెలిసినప్పటి నుంచి అతనికి దాని మీద కన్నుంది. ఆటో అతనిది ఇంకో దారి. "అసలు నీళ్లెందుకన్నా? మా పాత బండికి నీళ్లే లెవ్వు, గాలికే సల్లవడతది." ఆ మాటకు ఎదురు చెప్పడానికి ఏమీ దొరకలేదు, నిజం కూడా అంతే. ప్లాట్లు అమ్మే పెద్దమనిషి మాత్రం బానెట్టు వైపు చూడనే లేదు. "ఎంతకిస్తవు?" అన్నాడు.

వీళ్లలో అబద్ధం చెప్పినవాడు లేడు. ఎవడి బండికి వచ్చిన రోగాన్ని వాడు నా బండికి అంటగట్టాడు, అంతే.

రిటైరైన లెక్కల సారొకాయన చెప్పిన చిట్కా గురించి విడిగా చెప్పుకోవాలి. "సూది పైకి పోతే హీటరు ఫుల్లుగా పెట్టవయ్యా" అన్నారు. జనం నవ్వారు గానీ శాస్త్రం ఆయన పక్షమే. హీటరంటే డ్యాష్‌బోర్డు వెనక దాచిన చిన్న రేడియేటరు. దాన్ని తెరిస్తే ఇంజను వేడిలో కొంత మన మీదికి మళ్లుతుంది, ఇంజను గండం గట్టెక్కుతుంది. ఒకసారి గరిడేపల్లి దాటాక మిట్టమధ్యాహ్నం పెట్టాను. సూది దిగింది. మా ఆవిడ మాత్రం దిగి, వెనక వచ్చే బస్సు ఎక్కుతానంది. బయట ఎండ 44, లోపల ఎంతో కొలిచే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

కారు ఆపి నీళ్లు వెతుక్కునే గతి మనకొక్కరికే పట్టిందని కుంగిపోనక్కర్లేదు. కారు పుట్టిందే ఆ గతితో. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఇల్లాలు, మొగుడు కార్ల్ బెంజ్‌కు చెప్పకుండా, ఆయన కట్టిన మూడు చక్రాల బండిలో ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్‌ట్జ్‌హైమ్‌లోని పుట్టింటికి బయలుదేరింది. నూరు కిలోమీటర్లకు అటూ ఇటూ. ఆ బండిలో ఇప్పటి రేడియేటరు లేదు. నీళ్లు మరిగి ఆవిరై పోతుంటేనే ఇంజను చల్లబడేది. దాంతో దారి పొడుగునా ఎక్కడ నీళ్లు కనపడితే అక్కడ ఆగి పోసుకుంటూ పోయింది. పెట్రోలు గొట్టం మూసుకుపోతే టోపీకి పెట్టుకునే పిన్నుతో పొడిచి బాగు చేసిందట. ఆ పల్లెల్లో ఎంతమంది చుట్టూ మూగి ఎన్ని సలహాలిచ్చారో చరిత్ర రాసుకోలేదు గానీ, ఇవ్వకుండా ఉండి ఉంటారంటే హుజూర్‌నగర్ వాడిగా నేను నమ్మను. ఆ తర్వాత 1901 నాటి మెర్సిడెస్‌కు మేబాక్ అనే ఇంజనీరు 8 వేలకు పైగా సన్నటి గొట్టాలతో తేనెతుట్టె రేడియేటరు కట్టాడు. అదే నీళ్లను మళ్లీ మళ్లీ తిప్పి చల్లబరచడం కుదిరింది, దారిలో బావులు వెతికే పని తగ్గింది.

చివరికి కోదాడ రోడ్డులో ఉన్న మెకానిక్ భాయ్ దగ్గరికి చేరాను. ఆయన షెడ్డుకు జనం కూడా నాతో వచ్చారు, తీర్పు వినకుండా ఎట్లా పోతారు? భాయ్ బానెట్టు వైపు కూడా పోలేదు. స్టూలు మీద కూర్చుని ఒక్క మాట అడిగాడు.

"నిలబడితే వేడైతదా, ఉరికితే వేడైతదా?"

"నిలబడితే."

తల ఊపాడు. రోగం సగం అక్కడే తేలిపోయింది. బండి పరుగులో ఉంటే ఎదురుగాలే రేడియేటరును చల్లారుస్తుంది. నిలబడితే గాలి ఫ్యాను ఇవ్వాలి. నిలబడ్డప్పుడే వేడెక్కుతోందంటే ముందు ఫ్యానును అడగాలి, ఇంజనును కాదు.

అయినా ఆయన ఆ ఒక్కదానితో ఆగలేదు. చల్లారాక మూత మీద తడిగుడ్డ వేసి సగం తిప్పి, బుస్సుమన్నదంతా పోయాక తీశాడు. మూత రబ్బరు వేలితో నొక్కి చూశాడు. ఆయిలు పుల్ల బయటికి లాగి వేళ్ల మధ్య రాశాడు. నల్లగా జారింది. "గాస్కెట్ పోతే నీళ్లు కలిసి పాల చాయ్ తీరు ఐతది. ఇది బానే ఉంది" అన్నాడు, లారీ డ్రైవరు వైపు చూడకుండా. మూత తీసే ఉంచి ఇంజను స్టార్టు చేయించి, నీళ్లలోకి తొంగి చూశాడు. బుడగలు లేవు. పొగ తెల్లగా లేదు. పై పైపును పిడికిట పట్టి వదిలాడు, వేడి తగులుతోంది, అంటే నీళ్లు తిరుగుతున్నాయి. వైండింగు తమ్ముడి మొహం చిన్నబోయింది. సూది ఎక్కే దాకా అందరం నిలబడ్డాం. ఫ్యాను కదల్లేదు. భాయ్ వైరు పీకి బ్యాటరీ నుంచి డైరెక్టు ఇచ్చాడు. ఫ్యాను గిర్రున తిరిగింది, కింద దుమ్మంతా మా చెప్పుల మీదికి వచ్చింది.

"ఫ్యాన్ మంచిదే. దానికి తిరగమని చెప్పే స్విచ్చి సచ్చింది."

కొన్ని వందల రూపాయల స్విచ్చి. జనం మొహాల్లో ఆ నిరాశ చూడాల్సింది. ఇంజను దించుతారని వచ్చినవాళ్లకు స్విచ్చి చూపించి పంపడం మర్యాద కాదు. లారీ డ్రైవరు పోతూ పోతూ, "ఇప్పుడంటే స్విచ్చి. చూస్తుండు, గాస్కెట్ పోతది" అని అప్పు పెట్టి పోయాడు.

ఆ వేసవికే కారు ఇంకో పాట ఎత్తుకుంది. ఈసారి నిలబడితే కాదు, సూర్యాపేట పోయే దారిలో పరుగు మీదుండగానే సూది ఎక్కింది. ఫ్యాను చక్కగా తిరుగుతోంది, నీళ్లు నిండుగా ఉన్నాయి. భాయ్ ఈసారి రేడియేటరు మెడలో వేలు పెట్టి తిప్పి బయటికి తీసి నాకు చూపించాడు. వేలి చివర తెల్లటి పొర, గీరితే పెచ్చులుగా రాలింది. ఇంటి గోడ గీరినా అదే రాలుతుంది.

దాని పుట్టుక తెలియాలంటే ఊరు దాటి ఎంతో దూరం పోనక్కర్లేదు. మేళ్లచెరువు, మఠంపల్లి, పాలకీడు, ఎటు పోయినా సిమెంటు ఫ్యాక్టరీల గొట్టాలు కనపడతాయి. వాళ్లంతా ఇక్కడికి వచ్చింది మన మర్యాదలు చూసి కాదు, మన కాళ్ల కింద సున్నపురాయి ఉందని. ఆ రాళ్లలోంచి ఊరిన నీళ్లే బోరులో వచ్చేది. చల్లగా ఉన్నంతసేపు సున్నం నీళ్లలో కరిగి కనపడదు, కాగిన చోట గడ్డకట్టి గోడకు అంటుకుంటుంది. అక్కడ ఫ్యాక్టరీలు అదే రాయిని కొలిమిలో 1,450 డిగ్రీల దాకా కాల్చి బస్తాలు కడుతుంటే, మా కారు 100 డిగ్రీలకే ఇంటి దగ్గరే ఉత్పత్తి మొదలుపెట్టింది, లైసెన్సు లేకుండా.

ముడిసరుకు సరఫరా నాన్నది. పొద్దున్నే లేచి మొక్కలకు పోసే బక్కెట్టులోంచే కారుకూ ఒక చెంబు పోయడం ఆయనకు ఏళ్ల నాటి అలవాటు. అది కూలెంటును పలచబరిచి పలచబరిచి, చివరికి కూలెంటు పేరు తప్ప రంగు కూడా లేకుండా చేసింది. ఆవిరైన నీళ్లు పోతాయి, సున్నం పోదు. పోసిన ప్రతి చెంబూ కొంత రాయి ఉంచి పోయింది.

సూర్యాపేటలో రేడియేటరు పని చేసే షాపులో ఇత్తడి ట్యాంకు టాకాలు కరిగించి విప్పారు. లోపల వరసగా ఉండే సన్నటి గొట్టాల్లో సగానికి పైగా పూడిపోయి ఉన్నాయి. పనివాడు సన్నటి ఊచ ఒక్కో గొట్టంలో దూర్చి పొడుస్తుంటే తెల్లపొడి కాగితం మీద కుప్ప పడింది. దాన్ని చూసి నాతో వచ్చిన బావమరిది, "బావా, ఇంకో రెండు కార్లుంటే బాత్రూమ్ గోడ లేస్తది" అన్నాడు.

అప్పుడే తెలిసిన ఇంకో సంగతి, మా కారులో థర్మోస్టాట్ వాల్వే లేదట. ఎప్పుడో ఎవరో పీకేశారు. మన ఎండలకు అదెందుకని మెకానిక్కులు పీకి డబ్బాలో పడేయడం ఇక్కడ మామూలే. నాకు మాత్రం అది నచ్చదు. ఇంజను 80 డిగ్రీలకు పైగా వేడెక్కే దాకా నీళ్లను రేడియేటరులోకి పోనివ్వకుండా పట్టి ఉంచే కాపలా అది. అది లేకపోతే పొద్దున పూట ఇంజను చల్లగానే తిరుగుతూ పెట్రోలు తాగుతుంది. కొత్తది కొని, పెట్టించే ముందు పని చేస్తుందో లేదో చూద్దామని ఇంట్లో గిన్నెలో నీళ్లు పోసి స్టవ్వు మీద పెట్టాను. నీళ్లు మరగబోయే ముందు ఇత్తడి మూతి మెల్లగా నోరు తెరిచింది. నేను సంబరపడి మా ఆవిడను పిలిచాను. ఆమె వాల్వును చూడలేదు, గిన్నెను చూసింది. అది పాలు కాచే గిన్నె.

అన్నీ బిగించాక భాయ్ చేతులు తుడుచుకుంటూ షరతులు చెప్పాడు. కూలెంటు సగం, డిస్టిల్డ్ వాటరు సగం. బోరు నీళ్లు చుక్క కూడా పోయొద్దు. డబ్బా తెచ్చి కారు పక్కనే పెట్టాను. నాన్న దాన్ని చేతిలోకి తీసుకుని, కళ్లజోడు సర్దుకుని, రేటు చదివాడు.

"నీళ్లకే ఇంతా?"

"సున్నం ఉండదు నాన్నా. బోరు నీళ్లు పోస్తే గొట్టాలు పూడిపోతయట."

నాన్న డబ్బా కింద పెట్టాడు. "డెబ్బై ఏండ్ల నుంచి ఆ నీళ్లే తాగుతున్న. నన్ను ఎవడూ విప్పి ఊచ పెట్టి పొడవలే" అని బక్కెట్టు తీసుకుని మొక్కల వైపు పోయాడు. బానెట్టు తెరిచే సంగతి తెలిసినవాడు కదా, అందుకని కారు తాళాలు నా జేబులోనే ఉంచుకుంటున్నా.