అడ్రసు తప్పిన కప్ప

2016 దసరా నాడు బాన్సువాడ ఉన్నచోటు నుంచి అంగుళం కదలకుండానే నిజామాబాద్ జిల్లా వదిలి కామారెడ్డి జిల్లాలో చేరింది. బోర్డులు, రబ్బరు స్టాంపులు, ఆధార్ కార్డులు వరసగా మారాయి. మనుషులకు ఇంత తేలిగ్గా అయ్యే పని, ఒక చిన్న కప్పకు 1876 నుంచి కాకపోవడం అన్యాయమని నా వాదన. ఆ ఏడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో గుంథర్ దొర దాన్ని బ్యూఫో హోలోలియస్ అన్నాడు, కేరళ తీరంలోని మలబారుదని రాశాడు. అంతే, ఇంగ్లీషులో అది ‘మలబార్ టోడ్’ అయి కూచుంది. తీరా చూస్తే అది బతికేది ఎండకు మాడే దక్కను బండల్లో, తూర్పు కనుమల రాతిగుట్టల్లో. మన పెరట్లో తిరిగే గోదురుకప్పకు కళ్ల మీద నల్లటి గట్లుంటాయి. దీని తల నున్నగా ఉంటుంది. చిన్న ఒళ్లు, అదీ బండ సందులో దూరడానికి కొలత తీసినట్టు అణిగి ఉంటుంది. పగలు కనబడమన్నా కనబడదు. అది దాక్కోవడం దాని ఇష్టం, అడ్రసు తప్పు రాయడం మాత్రం మన నిర్వాకం.

శాస్త్రీయ నామం ఉండగా వాడుక పేరుతో పనేమిటని పండితులు అడగొచ్చు. ఆ నామం మాత్రం నిలకడగా ఉందా? తర్వాత బ్యూఫో కాస్తా దత్తాఫ్రైనస్ అయింది (ఒడిశా శాస్త్రవేత్త సుశీల్ కుమార్ దత్తా పేరు మీద, ఆ మేరకు సంతోషం). ఇరానీ చాయ్ ఇరాన్ నుంచి వస్తోందా, పేరుదేముంది అనేవాళ్లూ ఉంటారు. చాయ్ కోసం ఎవరూ టెహరాన్ వెళ్లి వెతకరు. కప్పను కాపాడాలనుకునేవాడు మాత్రం ముందు పేరునే నమ్ముతాడు. పైగా గుట్టను పేల్చి గ్రానైట్ అమ్ముకునేవాడికి ‘మలబారు కప్ప ఇక్కడెందుకుంటుంది సార్’ అన్న జవాబు ఊరికే దొరికినట్టవుతుంది. పోనీ తెలంగాణ కప్ప అందామా? ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడు ఊరుకోవు, ఊరుకోకూడదు కూడా. వాళ్ల గుట్టల్లోనూ ఉంది మరి. నీళ్ల పంచాయితీలకు కప్పను కూడా జత చెయ్యడమెందుకు? అది దాక్కునే చోటును బట్టి ‘బండకప్ప’ అంటే సరిపోతుంది. తిట్టులా ఉందంటారేమో. ఇల్లంతా షాబాద్ బండ పరిపించామని చుట్టాలకు చూపించి మురిసిపోయే మనకు, బండ అన్న మాట ఎప్పటి నుంచి తిట్టయింది?