విన్నవారే తీర్పు చెప్పాలి: కాంపిటీషన్ కమిషన్‌కు ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన భారత కాంపిటీషన్ కమిషన్ అధ్యక్షులవారికి,

జగ్గయ్యపేట, నందిగామ మెట్ట ప్రాంతంలో బస్తాల లెక్కన సిమెంటు కొనేవారి తరఫున నమస్కరించి చేసుకుంటున్న మనవి.

పోటీ చట్టానికి సంబంధించిన ఆర్థికశాస్త్రం మీద మీరు 2016 నుంచి జాతీయ సదస్సులు జరుపుతున్నారు. ఆచార్యులు వస్తారు, పెద్ద లాయర్లు వస్తారు, కంపెనీల సలహాదారులూ వస్తారు. పత్రాలు చదువుతారు, భోజనం చేస్తారు, మధ్యాహ్నం ఇంకో పత్రం చదువుతారు. దీన్ని తప్పు పట్టడం లేదు. పోటీపై జనానికి అవగాహన కల్పించే బాధ్యతను చట్టం 49వ సెక్షనే మీ మీద పెట్టింది. మేం కోరేదల్లా వచ్చే సదస్సును జగ్గయ్యపేటలో పెట్టమని. హాలుకు కొరత లేదు, పెళ్లిళ్ల సీజను కాకపోతే కల్యాణమండపాలు ఖాళీగానే ఉంటాయి. మీ నిపుణులు చర్చించే విషయానికి ఇంతకంటే మంచి నమూనా మరోచోట దొరకదు. జయంతీపురంలో రామ్‌కో, ముక్త్యాలలో కేసీపీ ఉన్నాయి. పడమటికి వెళ్తే మేళ్లచెర్వు, విష్ణుపురం దాకా, కృష్ణ దాటితే దాచేపల్లి, మాచర్ల దాకా సున్నపురాయి పరుచుకునే ఉంది. చెయ్యెత్తి నాణేల వాన కురిపించే మాంధాత చక్రవర్తి శిల్పం ఈ ఊరి బౌద్ధ స్తూపం దగ్గరే దొరికి, మీ దక్షిణ ప్రాంతీయ కార్యాలయం ఉన్న చెన్నైకే చేరింది. ఇక్కడి రాయికీ డబ్బుకీ చుట్టరికం పాతదే. ఆ వాన ఎవరి దోసిట్లో పడుతోందన్నదే మా సందేహం.

ఆ సందేహం ముందు వచ్చింది మాకు కాదు, తమకే. బిల్డర్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా 2010లో ఇచ్చిన ఫిర్యాదుపై విచారణ జరిపి, 2012 జూన్ 20న మీ కమిషన్ పది సిమెంటు కంపెనీలకూ, వాటి తయారీదారుల సంఘానికీ కలిపి సుమారు 6,300 కోట్ల రూపాయల జరిమానా వేసింది. అప్పట్లో మద్రాస్ సిమెంట్స్‌గా ఉన్న రామ్‌కో వాటా అందులో సుమారు 258 కోట్లు. 2009–10లో సామర్థ్యంలో 83 శాతం పనిచేసిన ఫ్యాక్టరీలు మరుసటి ఏడు 73 శాతానికి తగ్గాయనీ, కంపెనీలు కూడబలుక్కుని ఉత్పత్తినీ ధరనూ అదుపు చేశాయనీ మీరు తేల్చారు. తయారీదారుల సంఘంలో సభ్యత్వం వదులుకున్న కంపెనీలు కూడా ముంబై హోటల్లో జరిగిన ఆ సంఘం సమావేశాలకు వెళ్లాయని కూడా రికార్డు చేశారు. అంటే హోటల్లో కూర్చుని సిమెంటు గురించి మాట్లాడే అలవాటు ఒక్క సదస్సులవారిదే కాదన్నమాట.

ఆ తర్వాత జరిగిందే మా వాదనకు మూలం. 2015 డిసెంబరులో అప్పీలు ట్రిబ్యునల్ ఆ ఉత్తర్వును కొట్టేసింది. సిమెంటు ధర న్యాయంగా ఉందని కాదు. వాదనలు జరిగినప్పుడు హాజరులేని అధ్యక్షులు తుది ఉత్తర్వు మీద సంతకం పెట్టారన్నది కారణం. విన్నవారే తీర్పు చెప్పాలన్నది న్యాయసూత్రం. మీరు మళ్లీ విన్నారు. 2016 ఆగస్టులో ఇంచుమించు అంతే జరిమానా మళ్లీ వేశారు. 2018 జులైలో అప్పీలు ట్రిబ్యునల్ దాన్ని ఖాయం చేసింది. కంపెనీలు ఒప్పుకోక సుప్రీంకోర్టుకు వెళ్లాయి. అక్టోబరులో కోర్టు అప్పీళ్లు స్వీకరించి, పదో వంతు జమ కట్టమంది. ఫిర్యాదు అక్కడిదాకా నడవడానికే ఎనిమిదేళ్లు పట్టింది. ఒక్క సంతకం ఇంత పని చేసిందంటే, ఆ సూత్రం ఎంత బరువైనదో వేరే చెప్పాలా? దాన్నే సదస్సులకూ వర్తింపజేయమంటున్నాం. తీర్పు చెప్పేవారు కంపెనీల వాదన వినాలంటే, విధానం రాసేవారు కొనేవారి మాట వినొద్దా? డబ్బు కట్టేవాడు లేని గదిలో తయారైన విధానానికీ అదే లోపం అంటుకుంటుంది, కాకపోతే దాన్ని కొట్టేసే ట్రిబ్యునల్ లేదు.

నిపుణులు దీనికి అభ్యంతరం చెబుతారు. ఒకే సరుకు, కొద్దిమంది అమ్మకందార్లు ఉన్నచోట ఒకరు రేటు పెంచితే మిగతావారు పెంచడం సహజమేననీ, దానికి కుమ్మక్కు అక్కర్లేదనీ అంటారు. బొగ్గు, కరెంటు, లారీ కిరాయి అందరికీ ఒకేసారి పెరుగుతాయంటారు. నిజమే, రేట్లు కలిసి నడిచినంత మాత్రాన నేరం రుజువు కాదు. అందుకే ఊళ్లో వినాలంటున్నాం. పక్కన సున్నపురాయి గని, కూతవేటులో ఫ్యాక్టరీ, గేటు నుంచి కొట్టుకు వచ్చే దారి అతి తక్కువ. కిరాయి వాదన నిలుస్తుందో లేదో తేల్చడానికి ఇంతకంటే మంచి చోటు ఏది? నందిగామలో ఏ సిమెంటు కొట్టుకైనా వెళ్లి బస్తా తిప్పి చూడండి. తయారైన వారం, సంవత్సరం, గ్రేడు, ఎంఆర్‌పీ అన్నీ అచ్చై ఉంటాయి. ఒక్క అమ్మకం ధర మాత్రం ఎంఆర్‌పీకి దూరంగా, ఫోనులో వచ్చే మెసేజిలో ఉంటుంది. డీలరుకు కంపెనీ వేసే బిల్లు రేటు ఒకటి, తర్వాత క్రెడిట్ నోటు రూపంలో తిరిగివచ్చే రాయితీ మరొకటి. పెద్ద కాంట్రాక్టర్లకు ఇచ్చే నాన్‌ట్రేడ్ రేటు ఇంకొకటి. సొంతిల్లు కట్టుకునేవాడికి వీటిలో ఏదీ కనపడదు. సమాంతర ధరల మీద పత్రం చదివేవారు ఒక పూట ఈ లెక్కలు చూస్తే ఆ పత్రానికే మేలు.

మరో అభ్యంతరం తమరే చెప్పవచ్చు: సిమెంటు ధరపై నియంత్రణ 1989లోనే పూర్తిగా ఎత్తేశారు, కమిషన్ పని రేట్లు కట్టడం కాదు. ఒప్పుకుంటున్నాం. రేటు కట్టమని అడగడం లేదు, రేటు ఎలా పుడుతోందో బయటపెట్టమంటున్నాం. 2025 సెప్టెంబరు 22న సిమెంటుపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. పన్ను లేని ధర 300 రూపాయలు అనుకుంటే బస్తాకు 30 రూపాయలు తగ్గాలి. వెయ్యి చదరపు అడుగుల ఇంటికి సుమారు 400 బస్తాలు పడతాయి కాబట్టి 12,000 మిగలాలి. పన్ను తగ్గింపు లాభం కొనేవాడికి చేరిందా అని చూసే పని 2022 డిసెంబరు నుంచి దాదాపు రెండేళ్లు మీ దగ్గరే ఉంది. తర్వాత జీఎస్టీ ట్రిబ్యునల్‌కు వెళ్లింది. 2025 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఫిర్యాదులు తీసుకోవడమే ఆగిపోయింది. పన్ను తగ్గే నాటికి ఫిర్యాదుల తలుపు మూసి ఉంది. పోటీయే ధర దించుతుందని నిపుణుల నమ్మకం. అయితే ఆ పోటీ ఎంత మిగిలిందో ఎవరు చెప్పాలి? విష్ణుపురం ఫ్యాక్టరీ ఉన్న ఇండియా సిమెంట్స్ 2024 డిసెంబరులో మీ అనుమతితోనే అల్ట్రాటెక్ చేతికి వెళ్లింది. అదే ఏడు పెన్నా సిమెంటు అదానీ గ్రూపులో చేరింది. గోడ మీద బ్రాండు పేర్లు ఎన్ని ఉన్నాయన్నది కాదు, వాటి వెనక యజమానులు ఎందరన్నదే లెక్క.

జరిమానా ఉంది కదా అంటారా? అది చివరికి వసూలైనా చట్టం ప్రకారం భారత సంచిత నిధికి పోతుంది. ఎక్కువ ధర పెట్టి కొన్నవాడు పరిహారం కోసం అప్పీలు ట్రిబ్యునల్‌కు వేరుగా దరఖాస్తు పెట్టుకోవాలి. నాలుగొందల బస్తాలు కొన్నవాడు ఆ పని చేస్తాడని ఏ నిపుణుడూ అనుకోడు.

కాబట్టి మా కోరికలు మూడు. మొదటిది, సదస్సు తెలుగులో జరగాలి. మొదటి రోజు వేదిక మీద తాపీమేస్త్రులు, డీలర్లు, చిన్న కాంట్రాక్టర్లు మాట్లాడాలి, నిపుణులు కింద కూర్చుని రాసుకోవాలి. రెండోది, జిల్లాలవారీగా ఫ్యాక్టరీల సామర్థ్యం, ఉత్పత్తి, కొట్టు ధర మూడింటినీ కొంత వ్యవధి గడిచాక అందరికీ కనపడేలా ప్రచురించాలి. వెంటవెంటనే ప్రచురిస్తే అది కంపెనీలకే కబురు అవుతుందని తెలిసే వ్యవధి అడుగుతున్నాం. మూడోది, విలీనాలకు అనుమతి ఇచ్చేటప్పుడు దక్షిణాది మొత్తాన్ని ఒక్క గంపగా కాక, లారీ లాభసాటిగా వెళ్లగలిగిన దూరంలో యజమానులు ఎందరు మిగులుతారో ఉత్తర్వులో రాయాలి. వీటిలో దేనికీ కొత్త చట్టం అక్కర్లేదు. హైదరాబాదు–విజయవాడ హైవే మీదే ఉన్నాం, రావడం కష్టం కాదు. తేదీ చెప్పండి.

ఇట్లు,
సిమెంటు ఫ్యాక్టరీల పక్కనే ఉండి సిమెంటు కొనుక్కునేవారి తరఫున,
ఒక జగ్గయ్యపేట వాసి