రీఫండు ఇంకా తీరం దాటలేదు

విశాఖలో పుట్టినవాడికి ఓనమాల కన్నా ముందు ప్రమాద హెచ్చరిక నంబర్లు వస్తాయి. బంగాళాఖాతంలో అల్పపీడనం అని పేపర్లో పడిన మర్నాడు 'పోర్టుల్లో మూడో నంబరు హెచ్చరిక' అని పడుతుంది. ఊరు మాత్రం నిమ్మళంగా ఇడ్లీ తింటుంది. మూడో నంబరు మాకు లెక్కలోది కాదు. ఒకటీ రెండూ అంటే దూరాన నడిసముద్రంలో ఏదో తయారవుతోందని. మూడూ నాలుగూ అంటే ఆ గాలి రేవు దాకా రావచ్చని. ఐదు, ఆరు, ఏడు వచ్చాయంటే తుఫాను మనకి ఏ పక్కనుంచి పోతుందో, లేక నెత్తి మీదుగానే పోతుందో చెప్తాయి. ఎనిమిది నుంచి పది దాకా అదే మాట, ఇంకాస్త గట్టిగా. ఆ పైన పదకొండు కూడా ఉంది. హెచ్చరికల కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయి, ఇక మీ తిప్పలు మీరు పడండి అని దాని భావం.

రేవుకి ఇంత చక్కటి ఏర్పాటు ఉండగా ఓడ టికెట్టుకి ఎందుకు లేదు? పోర్టు వాళ్లు చెయ్యరు, ఓడ కంపెనీలు అసలే చెయ్యవు. కనుక క్రూయిజ్‌కి బుక్ చేసుకోబోతున్న విశాఖవాసులకి ఆ హెచ్చరికలేవో ఈ వారం నేనే ఎగరేస్తాను.

ముందు మన రేవు సంగతి. 1933 అక్టోబరు 7న సింధియా కంపెనీ వారి 'జలదుర్గ' ఈ రేవులోకి వచ్చింది. వైస్రాయి విల్లింగ్డన్ దొరగారు రేవుని లాంఛనంగా తెరిచింది డిసెంబరు 19న. అంటే తొలి ఓడ వచ్చి వెళ్లిన రెండు నెలలకి రేవు ప్రారంభమైంది! షెడ్యూలుకీ రాకపోకలకీ పొంతన లేకపోవడం ఇక్కడ మొదట్నుంచీ ఉన్న ఆచారమే.

నన్నడిగితే మన తీరానికి నమ్మకంగా వచ్చినవి బుకింగ్ లేనివే. 2020 అక్టోబరులో వాయుగుండం గాలికి లంగరు నిలవక బంగ్లాదేశ్ సరుకు ఓడ 'మా' తెన్నేటి పార్కు దగ్గర రాళ్ల మీదికి కొట్టుకొచ్చింది. ఊరంతా పిల్లాజెల్లాతో వెళ్లి సెల్ఫీలు దిగింది. దాన్ని తేలే రెస్టారెంట్ చేస్తామన్నారు. రాళ్లలో ఇరుక్కున్నదాన్ని తేలేది అనడానికి పర్యాటక శాఖకుండే గుండెధైర్యం కావాలి. 2022 మే నెలలో అసని తుఫాను కెరటాల మీద బంగారు రంగు మందిరం లాంటి రథమొకటి శ్రీకాకుళం జిల్లా సున్నాపల్లి ఒడ్డుకొచ్చింది. ఎక్కడ ఎక్కిందో, ఎవరు పంపారో తెలీదు. అయినా ఎవరూ రీఫండు అడగలేదు.

ఆ తర్వాత నెల తిరక్కుండానే, 2022 జూన్ 8న, టికెట్టున్న ఓడ వచ్చింది. కోర్డేలియా వారి 'ఎంప్రెస్'. 1990లో 'నార్డిక్ ఎంప్రెస్' పేరుతో నీళ్లలోకి దిగిన పెద్దమనిషి. ఇక్కడికి వచ్చేసరికి వయసు ముప్పై దాటింది. అది వచ్చిన రోజున మన జాలర్లు ఒడ్డునే కూర్చుని ఉన్నారు, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో వేట నిషేధం కాబట్టి. చేపల్ని పట్టకూడని రోజుల్లో క్యాసినో ఉన్న ఓడ వచ్చిందన్నమాట. దేన్ని పట్టడానికో నేను అననులెండి.

ఆ ఓడ ఇక్కణ్నుంచి పుదుచ్చేరి వెళ్లి, అక్కడ జనాన్ని దింపి ఊరు చూపించి చెన్నై చేరాలి. క్యాసినో మీద గొడవ లేచింది. అక్కడి ప్రభుత్వం దిగనివ్వలేదు. అప్పట్లో పుదుచ్చేరికి లెఫ్టినెంట్ గవర్నరు మన తెలంగాణ గవర్నరు తమిళిసై గారే. ప్రయాణికులు పుదుచ్చేరిని సముద్రంలోంచి ఊహించుకుని చెన్నైలో దిగారు. తుఫాను లేదు, వాయుగుండం లేదు, ఆకాశం తేటగానే ఉంది. వాతావరణమంటే గాలీ వానా మాత్రమేనని అనుకునేవాళ్లకి ఇది ఒకటో నంబరు హెచ్చరిక: ఓడ టికెట్టులో అచ్చయ్యే ఊళ్ల పేర్లు కంపెనీ ఆశలు, హామీలు కావు. ఊరు తప్పిస్తే మామూలుగా తిరిగొచ్చేది ఆ రేవు తాలూకు రుసుము ఒక్కటే. ఊరు చూడాలనే ఉంటే రైలెక్కండి. క్రూయిజ్‌లో కొనుక్కునేది ఓడనే.

తర్వాత మనకి టెర్మినలూ వచ్చింది. 2023 సెప్టెంబరు 4న ప్రారంభించారు, ఖర్చు 96 కోట్ల పైచిలుకు. రెండు వేలమంది ఎక్కే ఓడలు కూడా ఆగొచ్చన్నారు. ఆగింది! 2024 ఏప్రిల్‌లో 'ది వరల్డ్' అనే ఓడ వచ్చింది. అందులో ఉండేవాళ్లు గదులు అద్దెకి తీసుకోరు, ఫ్లాట్లు కొనుక్కుని ఓడలోనే కాపురముంటారు. రీఫండు బెంగ లేని ప్రయాణికుల్ని చూడాలంటే వాళ్లనే చూడాలి. వాళ్ల గొడవలన్నీ మన మధురవాడ అపార్టుమెంట్లలోలాగా మెయింటెనెన్సు గురించే అయ్యుంటాయి.

సరే, మనలాంటి అద్దె జనం సంగతి. ఈ ఓడలు మన వైపు జూన్, జూలైల్లో ఎందుకొస్తాయంటే మన మీద ప్రేమతో కాదు. అప్పుడు నైరుతి రుతుపవనం అరేబియా సముద్రం మీద తిష్ఠ వేస్తుంది, ముంబై-గోవా దారి అల్లకల్లోలంగా ఉంటుంది. ఓడని ఖాళీగా ఉంచలేక చెన్నైకి తెచ్చి ఇటు తిప్పుతారు. 2025 జూలైలో మళ్లీ అలాగే వచ్చింది. మన సముద్రానికి కోపమొచ్చే కాలాలు వేరు. ఒకటి ఏప్రిల్ చివరి నుంచి జూన్ ఆరంభం దాకా, రెండోది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. హుద్‌హుద్ వచ్చింది అక్టోబరు 12న, తిత్లీ అక్టోబరులో, మిచాంగ్ డిసెంబరులో, మొంథా అక్టోబరులో. దసరా-దీపావళి ఆఫర్ అని సగం ధరకి టికెట్టు కనిపిస్తే, ఆ సగం ధర ఎవరు తగ్గించారో ఆలోచించండి. తుఫానే.

మా బావకి ఈ లెక్కలు చెప్పాను. ఆయన స్టీల్ ప్లాంటులో కోక్ ఓవెన్ల దగ్గర చేసి రిటైరైనవాడు. వేడికి భయపడడు, నా మాటకి అసలే భయపడడు. అక్క ముచ్చట పడిందని ఓ కంపెనీలో బుక్ చేశాడు. పేరు చెప్పను, ఏ కంపెనీ షరతులు చదివినా ఒకే గురువు దగ్గర నేర్చుకున్నట్టే ఉంటాయి. బ్రోచర్లో అంతా 'మీరు చూస్తారు, మీరు తింటారు, మీరు నాట్యమాడతారు'. షరతుల్లోకి దిగితే 'కంపెనీ తన విచక్షణ మేరకు మార్చవచ్చు, కుదించవచ్చు, రద్దు చేయవచ్చు'. 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అని గొంతు చించుకున్న ఊరికి హక్కు అనే మాట కొత్త కాదు. కానీ క్రూయిజ్ టికెట్టులో హక్కులన్నీ ఓడవి, మనవి కర్తవ్యాలు.

వాయుగుండం వచ్చింది. బావ ఫోను చేశాడు.

"ఒరే బామ్మర్దీ, తుఫాను ఒంగోలు కాడుంటే ఓడ సెన్నై నించి ఎలాగొస్తాదిరా? కేన్సిలు సేసెయ్యనేటి?"

ఇదిగో, ఈ వ్యాసం మొత్తంలో కత్తిరించి దాచుకోవలసిన చోటు ఇదే. ఆ బటను నొక్కకండి! మీరు రద్దు చేసుకుంటే అది మీ ఇష్టం కింద పోతుంది; ప్రయాణం తేదీ దగ్గరపడే కొద్దీ కోత పెరిగి, ఆఖరి రోజుల్లో మొత్తం సొమ్ముకి తిలోదకాలే. కంపెనీ రద్దు చేస్తే అది వాళ్ల ఖాతాలో పడుతుంది, డబ్బడిగే నోరు మనకుంటుంది. ఓడ రాదని కంపెనీకీ తెలుసు, మనకీ తెలుసు, తుఫాను హెచ్చరికల కేంద్రం వాళ్లు గంటగంటకీ మైకులో చెప్తూనే ఉంటారు. అయినా కంపెనీ ఆఖరి నిమిషం దాకా నోరు మెదపదు, మన చెయ్యి ముందు వణకాలని చూస్తుంది. కొలిమి దగ్గర పాతికేళ్లు నిలబడ్డ బావ చెయ్యి వణకలేదు. ఓడే ముందు రద్దయింది.

ఆ వెంటనే 'శుభవార్త' అని మెయిలొచ్చింది. కిరాణా కొట్లో చిల్లర బదులు చేతిలో చాక్లెట్ పెట్టినట్టు, డబ్బు బదులు వోచరు. అంగీకరిస్తున్నాను అనే బటను ఆకుపచ్చగా, అరచేయంత ఉంది. డబ్బే కావాలి అనే దారి కింద బూడిద రంగులో, చీమ తలకాయంత. అక్క కళ్లజోడు తెచ్చి వెతికితే గానీ దొరకలేదు. వోచరు పుచ్చుకునేముందు మూడు చూడాలి: గడువెప్పటిదాకా, ఏ తేదీల్లో చెల్లదు, అప్పటికి రేటు పెరిగితే తేడా ఎవరు కట్టాలి. బావకొచ్చినదాంట్లో సెలవు రోజులేవీ చెల్లవు. అవి తీసేస్తే మిగిలింది అక్టోబరు, నవంబరు. తుఫానుకి రద్దయినదానికి తుఫాను నెలల్లోనే మళ్లీ అవకాశమన్నమాట, ఎంత దయ!

పేర్లు పెట్టడంలో కంపెనీలని మించినవాళ్లు మన ఊళ్లోనూ ఉన్నారు. 2024 ఫిబ్రవరి 25న ఆర్కే బీచిలో తేలే వంతెన ప్రారంభించారు. మర్నాడే చివరి ముక్క విడిపోయి సముద్రంలోకి జరిగింది. అది తెగలేదు, పరీక్ష కోసం మేమే విడదీశామన్నారు అధికారులు. అలాంటి ఊళ్లో ఉంటూ, ప్రయాణం మూడు రోజుల నుంచి రెండుకి తగ్గితే దాన్ని 'సవరించిన అనుభవం' అన్నారని ఓడవాళ్ల మీద కోప్పడితే ఎలా?

బావ డబ్బే కావాలని నొక్కాడు. ఇక కస్టమర్ కేర్ నంబరు మోగి మోగి ఆగిపోవడం మొదలైంది. పదకొండో నంబరు, సంబంధాలు తెగిపోయాయి. ఏజెంటు ద్వారా కొన్నవాళ్లకి ఇంకో అంకముంటుంది: కంపెనీ ఏజెంటుకి పంపేశామంటుంది, ఏజెంటు తనకి రాలేదంటాడు, సొమ్ము ఎక్కడో నడిసముద్రంలో తిరుగుతుంటుంది. దాని గమనాన్ని ఏ ఉపగ్రహమూ పట్టలేదు. కార్డు మీద కట్టినవాళ్లు బ్యాంకుకి రాసి చార్జ్‌బ్యాక్ అడగొచ్చు. నగదిచ్చినవాళ్లు సింహాచలం అప్పన్నకి మొక్కుకోవాలి.

బీమా గురించి ఒక్కమాట. తుఫానుకి పేరు పెట్టకముందే కొనాలి. ఈ పేర్లిచ్చే దేశాలు పదమూడు. హుద్‌హుద్‌ని ఒమన్ ఇచ్చింది, మొంథాని థాయ్‌లాండ్. పేరు పేపర్లో చదివాక పరుగెత్తుకెళ్లి పాలసీ తీసుకుంటే 'తెలిసిన ముప్పు' అని కొట్టేస్తారు. తుఫానుకి బారసాల అయిందంటే మన పాలసీకి దినం అయినట్టే.

అన్ని కంపెనీలూ ఒకటేనా అని ఎవరైనా అంటారేమో. 2016 ఫిబ్రవరిలో రాయల్ కరీబియన్ వారి 'ఆంథెమ్ ఆఫ్ ద సీస్' అమెరికా తీరంలో తిన్నగా తుఫాన్లోకే వెళ్లి, జనాన్ని గదుల్లో కూర్చోబెట్టి, నానా హింసా పెట్టి వెనక్కి తెచ్చింది. పూర్తి సొమ్ము తిరిగిచ్చారు, ఇంకో ప్రయాణంలో సగం ధర తగ్గించారు. అంత మర్యాదెందుకంటే లోపల ఎగిరిపడుతున్న కుర్చీల వీడియోలు ప్రపంచమంతా చూసింది కాబట్టి. మన రీఫండుకి ఎగిరే కుర్చీలు లేవు. ఉన్నది వినియోగదారుల చట్టం.

ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను. కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. వివాదాలన్నీ ఫలానా మహానగరం కోర్టుల్లోనే అని టికెట్టు మీద రాసి ఉంటుంది, అది చూసి గుండె జారిపోనక్కర్లేదు. 2019 చట్టం ప్రకారం మీరుంటున్న ఊళ్లోనే ఫిర్యాదు పెట్టొచ్చు; గాజువాకలో ఉండి ముంబై కోర్టు మెట్లెక్కనక్కర్లేదు. మీరు కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. 'ఈ-జాగృతి' వెబ్‌సైట్లో ఇంట్లోంచే వెయ్యొచ్చు. రెండేళ్లలోపు వెయ్యాలి. బుక్ చేసిన రోజు షరతుల పేజీకి బొమ్మ తీసి పెట్టుకోండి, గొడవొచ్చిన రోజుకి ఆ పేజీ వేషం మార్చెయ్యొచ్చు. అన్నట్టు, చెన్నైలో ఎక్కేవాళ్లు ముందు రోజే చేరండి. తుఫానొస్తే ఓడ కన్నా ముందు రద్దయ్యేవి మన లైను రైళ్లే. గది ఓడ మధ్యలో, కింది అంతస్తులో తీసుకుంటే ఊపు తక్కువ. కిటికీ లేదని దిగులు పడకండి, కడుపులో తిప్పేవాడికి దృశ్యాలతో పనేముంది?

ఇంత తిప్పలెందుకు, అసలు ఓడంటే ఇదా అనేవాళ్లకి మన ఊళ్లో ఇంకో ఓడుంది. అండమాన్‌కి వెళ్లేది. అందులో కాపురాలుండవు, క్యాసినో ఉండదు, బంక్ పడకలుంటాయి. రెండున్నర రోజులు పడుతుంది. ఆ దారిలో తిరిగిన 'స్వరాజ్ ద్వీప్' మన హిందుస్థాన్ షిప్‌యార్డులో పుట్టిన పిల్లే. శ్రీకాకుళం వాళ్లు బంధువుల్ని చూడ్డానికి మూటాముల్లెతో, పచ్చడి జాడీలతో ఎక్కుతారు. దానికి బ్రోచరు లేదు, శుభవార్త మెయిళ్లు లేవు. ఓ పెద్దావిడ కౌంటర్లో అడుగుతుంటే విన్నాను.

"బాబూ, ఓడెప్పుడొస్తాదేటి?"

"వాయుగుండం ఉందమ్మా. ఎప్పుడొస్తుందో మాకే తెలీదు. తెలిసినప్పుడు చెప్తాం."

"అలాగే నాయనా," అని ఆవిడ మూట మీద కూర్చుని పొట్లం విప్పుకుంది.