రుజువు శాస్త్రం: మండల స్థాయి పాఠం

స్థానిక ప్రభుత్వ సేవలను రుజువుల ఆధారంగా సంస్కరించే విద్యలో మొదట గ్రహించాల్సింది ఒకటే: రుజువు ఎంత బలమైనదైనా అది ఎవరికీ ఫోను చేయలేదు. మండలాఫీసుకు ఫోను చేసేది మనుషులు, అందులోనూ ఆ నంబరు తెలిసిన మనుషులు. జి.కొండూరు లాంటి మండలంలో సోమవారం అర్జీల పూట దీన్ని ప్రత్యక్షంగా చూడొచ్చు. కాగితం రాయించుకుని వచ్చిన ముసలమ్మకు రసీదు దొరుకుతుంది, నాయకుడి వెనకాల వచ్చినవాడికి కుర్చీ దొరుకుతుంది.

ఈ సంగతిని లెక్కలతో సహా తేల్చిన ప్రయోగం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే జరిగింది. ఉపాధి హామీ కూలీని, సామాజిక పింఛన్లను వేలిముద్రతో, స్మార్ట్ కార్డు మీద, ఊళ్లోనే చెల్లించాలని సర్కారు తలపెట్టింది. 2010లో ఎనిమిది జిల్లాల్లో ఏ మండలానికి ముందు, ఏ మండలానికి తర్వాత అన్నది లాటరీ తీసి నిర్ణయించారు. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్‌తంకర్ అనే ఆర్థికవేత్తలు ఫలితాలను కొలిచారు. ఆ ఎనిమిదిలో, అప్పట్లో జి.కొండూరు ఉన్న కృష్ణా జిల్లా లేదు. అంతకుముందు ఈ పని ఒప్పుకున్న బ్యాంకులు చేతులెత్తేసిన జిల్లాలనే తీసుకున్నారు మరి! పరిశోధనకు నోచుకోవాలంటే ముందుగా సేవ చెడి ఉండాలి. ఆ అర్హత సరిహద్దుకు అవతలి ఖమ్మానికి దక్కింది.

కార్డులు ముందుగా వచ్చిన మండలాల్లో కూలి డబ్బు చేతికి తెచ్చుకోవడానికి పట్టే సమయం దాదాపు అయిదో వంతు తగ్గింది. దారిలో మాయమయ్యే ఉపాధి సొమ్ము 41 శాతం తగ్గింది. పాత పద్ధతి కన్నా ఇదే నయమని కార్డు వాడినవాళ్లలో పదికి తొమ్మిదిమందికి పైగా చెప్పారు. ఇన్ని మార్కులు తెచ్చుకున్న పథకాన్ని 2013లో ఎత్తేద్దామా అని సర్కారు ఆలోచించింది. పైదాకా చేరిన కబుర్లన్నీ చెడ్డవే కావడం అందుకు కారణం. బాగుపడ్డ లక్షలమంది పొద్దున్నే పలుగూ పారా తీసుకుని పనికి పోయారు. నష్టపోయిన కొద్దిమందికి తీరికా ఉంది, పరపతీ ఉంది. మాయమవడం మానేసిన ఆ సొమ్ము అంతకుముందు ఎవరో ఒకరి ఇంటి ఖర్చే కదా! ఆ ఆలోచన వెనక్కి పోవడానికి సర్వే అంకెలూ ఓ చెయ్యి వేశాయి. 2016లో ఇదంతా అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో అచ్చయింది. జి.కొండూరు బస్టాండులో ఆ పత్రిక అమ్మరు.

రెండో పాఠం సామాజిక తనిఖీ. 2006 నుంచి ఉపాధి హామీ రికార్డులను ఊరందరి ముందు చదివి వినిపించే ఏర్పాటుకు ఆంధ్రప్రదేశ్ దేశంలోనే పేరు పొందింది. ఆ నివేదికలను జల్లెడ పట్టిన ఫర్జానా అఫ్రిదీ, వెగార్డ్ ఐవర్సన్‌లకు ఒక వింత కనబడింది. కూలీల లెక్కల మీద అందరి కన్నూ పడేసరికి, పట్టుకోవడం కష్టమైన సామగ్రి బిల్లుల్లో అక్రమాలు పెరిగాయి. తప్పు కనిపెట్టడం బాగానే జరిగింది గానీ మాన్పించడం అంతంతమాత్రం. తనిఖీ వల్ల నైపుణ్యం పెరిగిందన్న మాట నిజమే, ఎవరిదన్నది వేరే సంగతి.

మూడో రకం రుజువుకు ఆర్థికవేత్తలు అక్కర్లేదు, వానలు చాలు. బుడమేరు నీటిని మళ్లించే వెలగలేరు రెగ్యులేటర్ జి.కొండూరు మండలంలోనే ఉంది. 2005లో బుడమేరు విజయవాడను ముంచి తన నివేదిక తానే సమర్పించింది. మళ్లింపు కాలువను వెడల్పు చేయాలన్నది అప్పటినుంచీ అందరూ ఒప్పుకున్న మాటే. అందరూ ఒప్పుకున్నాక ఇక తొందరేముంది? 2024 ఆగస్టు ఆఖర్లో కుండపోత కురిసి, కవులూరు, శాంతినగర్ దగ్గర ఆ కాలువకు మూడు గండ్లు పడ్డాయి. విజయవాడ సింగ్‌నగర్ చుట్టుపక్కల జనం రోజుల తరబడి నీళ్లలో ఉన్నారు. గండ్లు పూడ్చడానికి సైన్యం రావాల్సి వచ్చింది.

నీళ్లు తీశాక రుజువుల సేకరణ మాత్రం చురుగ్గా సాగింది. మునిగిన ఇంటికి గ్రౌండ్ ఫ్లోర్ అయితే 25,000, పై అంతస్తయితే 10,000 రూపాయలని ప్రకటించి, వార్డు సచివాలయ సిబ్బందిని ఇంటింటికీ పంపారు. జాబితాలో పేరు రానివాళ్లు మళ్లీ దరఖాస్తు పెట్టుకున్నారు. దానికి జత చేయాల్సిన ఆధార్, బ్యాంకు పాస్‌పుస్తకం మాత్రం ఇంటితోపాటే మునిగాయి.