పెట్టె కనరాదు: టీకా తాత్పర్య సహితము

అవతారిక: దూరదేశమేగు యాత్రికుడొకడు విమానము దిగి, ఇమ్మిగ్రేషను వరుసను దాటి, సామాను బెల్టుకడ నిలిచి యుండగా నాతని యవస్థను కవి వర్ణించుచున్నాడు.

తే. బెల్టు తిరుగును జనమెల్ల వెడలి పోవు
పెట్టె కనరాదు పథికుండు విడువఁ డాశ
చీటి యొక్కటి కరమునఁ జేర్చి పలుకు
మఱుసటి విమానమందున మరలి వచ్చు

ప్రతిపదార్థము: బెల్టు = సామాను తెచ్చు రబ్బరు పట్టీ; తిరుగును = (పైన ఏమియు లేకున్నను) తిరుగుచునే యుండును; జనమెల్ల = తక్కిన ప్రయాణికుల సమూహమంతయు; వెడలి పోవు = ట్రాలీలు తోసికొనుచు నిష్క్రమించును; పెట్టె = తనదియగు సూట్‌కేసు; కనరాదు = అగపడదు; పథికుండు = బాటసారి; ఆశ = వచ్చునను నమ్మకమును; విడువఁడు = వదలడు; చీటి యొక్కటి = కాగితమునొకదానిని; కరమునఁ జేర్చి = చేతిలో పెట్టి; పలుకు = (ఎవరో) చెప్పును; మఱుసటి విమానమందున = తరువాతి ఫ్లైటులో; మరలి వచ్చు = తిరిగి చేరును (అని).

తాత్పర్యము: బ్యాగు రాలేదు.

వ్యాఖ్య:

"బెల్టు తిరుగును" అని కవి ఎత్తుకోవడంలో ఔచిత్యం ఉంది. అందరి సామానూ అయిపోయాక కూడా బెల్టు కాసేపు తిరుగుతూనే ఉంటుంది. పథికుడి ఆశకు అదే ఆలంబనం. చివరికి దాని మీద మిగిలేవి ఎవరిదో పిల్లల కారుసీటు, తాడు తెగిన అట్టపెట్టె, అచ్చం మీదానిలాగే ఉండి మీది కాని ఒక నల్ల పెట్టె. ఈ చివరిదాన్ని ఉపేక్షించకూడదు. దాని యజమాని మీ పెట్టెను తనదనుకుని పట్టుకుపోయి ఉండవచ్చు. ట్యాగు మీది పేరు చూసి కౌంటరులో చెప్పగలిగితే, ఆయన ఊరు దాటకముందే ఫోను చేయిస్తారు.

నల్ల పెట్టెకు ఎర్ర రిబ్బను కట్టడం మనవాళ్లలో స్థిరపడ్డ ఆచారం. శంషాబాదులో ఎక్కిన సగం పెట్టెలకు అదే రిబ్బను ఉంటుంది. నిర్వచించదలచిన వస్తువుకే కాక పక్కవాటికి కూడా వర్తించే లక్షణానికి అతివ్యాప్తి దోషం ఉందంటారు తార్కికులు. మనవడు అంటించిన డైనోసార్ స్టిక్కరుకు ఆ దోషం లేదు. తెల్ల పెయింటుతో తెలుగులో రాసిన ఇంటిపేరుకూ లేదు.

"జనమెల్ల వెడలి పోవు": సుగమం. వాళ్లతోపాటు మీరు వెళ్లకూడదు. ఫిర్యాదు ఆ హాలులోంచి బయటపడకముందే రాయించాలి. ఇంటికెళ్లి స్నానం చేసి ఫోను చేద్దామనుకున్నవారికి ఆ తర్వాత నిరూపణ భారం పెరుగుతుంది.

"పెట్టె కనరాదు": ఇక్కడ వైయాకరణులు ఆగుతారు. పోగొట్టినవాడు పద్యంలో ఎక్కడా లేడు. మూడో పాదంలో "పలుకు" అన్న క్రియకు కూడా కర్త కనబడడు. కవి అశక్తత వల్ల ఇలా జరిగిందని కొందరు. అది సరికాదు. విమాన సంస్థల భాషలో ఈ విషయానికి కర్త ఉండడు, కవి ఆ భాషను యథాతథంగా పట్టుకున్నాడు. "బ్యాగు రాలేదండి", "లోడ్ కాలేదండి", "అక్కడే ఉండిపోయిందండి". పెట్టె తనంతట తాను అలిగి ఆగిపోయినట్టు ఉంటుంది మాట.

పూర్వపక్షం: పెట్టెలు తప్పిపోవడం అరుదు కదా, దీనికింత వ్యాఖ్యానమెందుకు? సమాధానం: విమానాశ్రయాలకు కంప్యూటర్ సేవలందించే సీటా సంస్థ ఏటా లెక్క వేస్తుంది. ఆలస్యమైనవి, పోయినవి, దెబ్బతిన్నవి అన్నీ కలిపి 2007లో వెయ్యి మంది ప్రయాణికులకు దాదాపు 19 పెట్టెలు. 2023 నాటికి అది 6.9కి దిగింది. తగ్గిన మాట నిజం. అయితే ఈ దోషాల్లో అతి పెద్ద వాటా విమానం మారే చోట జరిగేదే, 2023లో అది 46 శాతం. మన రాజమండ్రి నుంచో తిరుపతి నుంచో అమెరికా వెళ్లేవాడు ఒక్కసారైనా విమానం మారక తప్పదు కాబట్టి, సగటు లెక్కను చూసి అతడు ధైర్యం తెచ్చుకోవడానికి వీల్లేదు.

కారణం సులభం. మొదటి విమానం గంట ఆలస్యమైతే పథికుడు దోహాలోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో బ్యాక్‌ప్యాక్ భుజాన వేసుకుని పరుగెత్తి గేటు మూసే లోపు చేరతాడు. పెట్టెకు కాళ్లు లేవు, చక్రాలున్నా అవి దాని చేతిలో లేవు. ఇక్కడొక ధర్మసూక్ష్మం గమనించాలి: పెట్టె ఎక్కి ప్రయాణికుడు రాకపోతే భద్రత కోసం పెట్టెను వెతికి దించి మరీ విమానాన్ని కదిలిస్తారు. ప్రయాణికుడు ఎక్కి పెట్టె రాకపోతే ఎవరినీ దించరు. టికెట్టు కొనేటప్పుడు నలభై అయిదు నిమిషాల కనెక్షన్ చూసి మురిసిపోయేవారు ఈ వాక్యాన్ని రెండుసార్లు చదవాలి.

కొన్నిసార్లు వ్యవస్థే కూలుతుంది. 2008 మార్చి 27న లండన్ హీత్రోలో ఐదో టెర్మినల్ తెరిచారు. సిబ్బందికి పార్కింగు దొరకలేదు, కొందరు కంప్యూటర్లలోకి లాగిన్ కాలేకపోయారు, సామాను యంత్రాంగం స్తంభించింది. 23 వేలకు పైగా పెట్టెలు పోగుపడ్డాయి. వాటిలో కొన్నిటిని ఊరూ పేరూ చూసి వేరుచేయడానికి లారీల్లో ఇటలీలోని మిలాన్‌కు పంపారు. 2022 జులైలో అదే హీత్రోలో మళ్లీ కొండలా పేరుకున్నప్పుడు డెల్టా సంస్థ ప్రయాణికులు లేకుండా ఒక విమానాన్ని వెయ్యి పెట్టెలతో డెట్రాయిట్‌కు నడిపింది. పద్యంలో పెట్టె లేని పథికుడున్నాడు. పథికులు లేని పెట్టెల ఈ ప్రయాణం మరో పద్యానికి వస్తువు.

కర్త పథికుడే అయిన సందర్భం కూడా ఒకటుంది, దాచకూడదు. అమెరికాలో సాధారణంగా దిగిన మొదటి ఊళ్లోనే పెట్టెను తీసుకుని కస్టమ్స్ దాటించి మళ్లీ అప్పగించాలి. చికాగోలో దిగి డాలస్ వెళ్లే అమ్మ, "హైదరాబాదులో డాలస్ దాకా వేశామన్నారు కదా" అని ధీమాగా పై గేటుకు నడిస్తే, కూతురి పురిటికి తెచ్చిన కాయం పొడి చికాగో బెల్టు మీదే తిరుగుతుంది. అబుదాబీలో అమెరికా తనిఖీ ముందే అయిపోయిన వారికి ఈ నియమం లేదు. తిరుగు ప్రయాణంలో ఢిల్లీలో దిగి విజయవాడ వెళ్లేవారికి కూడా సాధారణంగా ఢిల్లీలోనే ఈ పని ఉంటుంది. పెద్దవాళ్లను పంపేటప్పుడు ఈ సంగతి ఒక కాగితం మీద రాసి పాస్‌పోర్టులో పెట్టడం, చివరి నిమిషంలో ఇంకో కిలో అరిసెలు కుక్కడం కన్నా మేలు.

"చీటి యొక్కటి": పద్యానికి ఆయువుపట్టు ఈ మాట. చీటి ఏది? రెండు మతాలున్నాయి.

మొదటి మతం ప్రకారం అది సామాను ఇచ్చినప్పుడు బోర్డింగు పాసు వెనక అంటించే ముక్క. చాలామంది దాన్ని విమానంలో చాక్లెట్ కాగితంతో పాటు పారేస్తారు. దాని మీద 10 అంకెలుంటాయి. మొదటి అంకె ట్యాగు రకాన్ని, తర్వాతి మూడు విమాన సంస్థను, చివరి ఆరు ఆ పెట్టె వరుస సంఖ్యను చెబుతాయి. స్కానరు కంటికి మీ పేరు, మీ గోత్రం, మీ మూడు వందల డాలర్ల సూట్‌కేసు కంపెనీ ఏవీ ఆనవు, ఆ 10 అంకెలే పెట్టె నామధేయం. కాబట్టి పాత ప్రయాణాల ట్యాగులు, చిన్న చిన్న బార్‌కోడ్ స్టిక్కర్లు పీకేయాలి. దుబాయ్ వెళ్లొచ్చిన గొప్ప కనబడాలని వాటిని ఉంచుకునేవాళ్లున్నారు. యంత్రం ఆ పాత స్టిక్కరును చదివితే పెట్టె మళ్లీ దుబాయ్ దారి పట్టవచ్చు. అలాగే కౌంటరులో ట్యాగు కట్టగానే చివరి ఊరి మూడక్షరాలు చదవాలి. హైదరాబాదుకు హెచ్‌వైడీ అని ఉండడం సహజంగానే ఉంది. విజయవాడకు వీజీఏ, విశాఖకు వీటీజెడ్ అని ముందే తెలిసి ఉంటే మంచిది.

రెండో మతం ప్రకారం చీటి అంటే పెట్టె రాలేదని రాసిచ్చే పీఐఆర్ పత్రం. "కరమునఁ జేర్చి పలుకు" అన్న అన్వయం ఇక్కడే కుదురుతుంది కాబట్టి ఇదే సిద్ధాంతం. దాని మీద కూడా 10 అక్షరాల సంఖ్య ఉంటుంది: విమానాశ్రయానికి మూడు, సంస్థకు రెండు, ఆపై ఐదు అంకెలు. వరల్డ్ ట్రేసర్ అనే ఉమ్మడి వ్యవస్థలో ఈ సంఖ్య కొట్టి పెట్టె ఆచూకీ చూసుకోవచ్చు. పత్రం రాసేటప్పుడు మీ ముందు పెట్టెల బొమ్మలున్న అట్ట ఒకటి పెట్టి "ఇందులో మీది ఏది?" అంటారు. నిద్రలేక ఎర్రబడ్డ కళ్లకు అన్నీ మీదే అనిపిస్తాయి. బయల్దేరే ముందు పెట్టెను మూసి ఒకటి, తెరిచి ఒకటి ఫోటో తీసుకున్నవాడు ఈ పరీక్షలో నెగ్గుతాడు. తర్వాత లోపల ఏముందని అడుగుతారు. "బట్టలు" అనే జవాబు నిష్ప్రయోజనం, ప్రపంచంలోని పెట్టెలన్నిటిలోనూ బట్టలే. ట్యాగు ఊడిన పెట్టెను తెరిచి చూసేవాడికి ఆనవాలు కావాలి: ఇత్తడి ఇడ్లీపాత్ర, మామిడికాయ రంగు గద్వాల చీర, మూడు పొరల ప్లాస్టిక్‌లో చుట్టిన ఆవకాయ సీసా. ఆవకాయ సంగతి ఒకవేళ మీరు చెప్పకపోయినా, సీసా పగిలితే దానంతట అదే చెబుతుంది. అన్నట్టు పేరు, ఫోను నంబరు రాసిన కాగితం పెట్టె లోపల కూడా ఒకటి ఉండాలి. బయటిది ఊడిపోవడానికే పుట్టింది.

"పలుకు" అన్నచోట ధర్మశాస్త్ర ప్రసక్తి. చీటి ఇచ్చినవారు పలకని మాటలు కొన్ని ఉన్నాయి. అంతర్జాతీయ ప్రయాణాలకు 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం వర్తిస్తుంది. భారత్ 2009లో అందులో చేరింది. సామాను పోయినా, చెడినా, ఆలస్యమైనా సంస్థ బాధ్యతకు హద్దు ఒక్కో ప్రయాణికుడికి 1,519 ఎస్‌డీఆర్‌లు. 2024 డిసెంబరు 28కి ముందు అది 1,288. ఎస్‌డీఆర్ అంటే డాలర్, యూరో, యువాన్, యెన్, పౌండ్‌లను కలిపి ఐఎంఎఫ్ కట్టే లెక్క. ఇది గరిష్ఠ హద్దు. పెట్టె పోయిన ప్రతివాడికీ చేతిలో పెట్టే సొమ్మని భ్రమపడరాదు, ఎంత పోయిందో చూపినంతే ఇస్తారు. గడువులు కంఠస్థం చేయదగినవి. పెట్టె దెబ్బతింటే అందిన 7 రోజుల్లో, ఆలస్యంగా వస్తే అందిన 21 రోజుల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. రావలసిన రోజు నుంచి 21 రోజులు దాటినా రాకపోతే పోయినట్టే భావించి పరిహారం అడగవచ్చు. దావాకు రెండేళ్లు.

హద్దు పెట్టెకు కాక మనిషికి అన్నది గుర్తుపెట్టుకోవాలి. దంపతులు ఇద్దరి బట్టలూ రెండు పెట్టెల్లో కలిపి సర్దుకుంటే ఒకటి తప్పినా పెళ్లికి ఇద్దరూ వెళ్లగలరు. నగలు, నగదు, సర్టిఫికెట్లు, మందులు చేతిసంచిలోనే ఉండాలి. పవర్ బ్యాంకు ఎలాగూ చెక్-ఇన్ పెట్టెలో పెట్టనివ్వరు. పెట్టె కోసం ఆగిన రోజుల్లో కొన్న బ్రష్షు, లోదుస్తులు, పసిపిల్లల పాలపొడి వంటి వాటి రసీదులు దాచాలి. "ఎంత, పదిహేను డాలర్లే కదా" అని రసీదు నలిపేసే ఔదార్యం మనవాళ్లది. విమాన సంస్థలు ఆ ఔదార్యాన్ని కాదనవు.

"పథికుండు విడువఁ డాశ": అన్వయక్రమంలో ఇది వెనకబడింది. 2021లో ఆపిల్ ఎయిర్‌ట్యాగ్ వచ్చాక పథికుడి ఆశ స్వరూపం మారింది. కౌంటరులో "వెతుకుతున్నామండి" అంటుండగానే అతడి ఫోనులో పెట్టె లండన్‌లో ప్రశాంతంగా ఉన్నట్టు కనిపిస్తుంది. కొన్నాళ్లు ఈ జ్ఞానం ఎవరికీ పనికిరాలేదు. 2024 చివర నుంచి ఆ ఆచూకీని ఒక లింకుగా విమాన సంస్థకు పంపే వీలు వచ్చింది, కొన్ని సంస్థలు దాన్ని స్వీకరిస్తున్నాయి.

"మరలి వచ్చు": తప్పిన పెట్టెకు రష్ ట్యాగు కట్టి యజమాని లేకుండానే పంపుతారు. అత్యధికం ఇలా రెండు మూడు రోజుల్లో చేరేవే, కవిని తొందరపడి నిందించకూడదు. ఎవరి దగ్గరికి వచ్చునో మాత్రం పద్యంలో లేదు. అమెరికాలో దాదాపు మూడు నెలలు వెతికినా యజమాని తేలని పెట్టెలను విమాన సంస్థలు అమ్మేస్తాయి. అలబామా రాష్ట్రంలోని స్కాట్స్‌బరోలో 1970 నుంచి అలాంటి సామాను కొని, విప్పి, అమ్మే దుకాణం నడుస్తోంది.

అలంకారం: మొదటి మూడు పాదాలు స్వభావోక్తి. నాలుగోది అతిశయోక్తి అని కొందరన్నారు. జరగబోయేదాన్ని కళ్లెదుట జరుగుతున్నట్టు చెప్పడం వల్ల భావికమని మా అభిప్రాయం.

పాఠాంతరం: "మఱుసటి వారమందున మరలి వచ్చు" అని కొన్ని ప్రతుల్లో ఉంది. తేటగీతిలో రెండో గణం ఇంద్రగణం కావాలి, ఇక్కడ కుదరదు. గణభంగం ఉన్నందున లాక్షణికులు ఈ పాఠాన్ని తిరస్కరించారు. ప్రయాణికులు మాత్రం దీన్నే పఠిస్తున్నారు.